లోపలి కుట్టే గౌనుకు ప్రాణం

1946లో వచ్చిన ‘గిల్డా’ సినిమాలో రీటా హేవర్త్ నల్ల శాటిన్ గౌను వేసుకుని పాడుతూ ఆడుతుంది. భుజాల మీద పట్టీ లేదు, మెడకు ముడి లేదు, వీపున తాడు లేదు. చేతులు పైకెత్తుతుంది, నడుము తిప్పుతుంది, మోచేయి దాటిన నల్ల గ్లవ్ ఒకటి ఊడదీసి విసురుతుంది. గౌను మాత్రం వెంట్రుకవాసి కిందికి జారదు. ఎక్కడా ముడత పడదు. ఆ పాట చూసిన ఆడవాళ్లంతా, కుట్టుపని తెలిసినవాళ్లు మరీ ఎక్కువగా, అడిగిన ప్రశ్న ఒకటే: అది ఎలా నిలిచింది?

ఆ గౌను రూపకర్త జాన్ లూయీ తర్వాతి రోజుల్లో తనే గుట్టు విప్పాడు. ఛాతీ కింద గ్రోగ్రేన్ రిబ్బను బిగించి, డార్టులు వేసి, మధ్యలో ఒకటి, పక్కలకు రెండు కమ్ములు నిలిపారట. ప్లాస్టిక్‌ను గ్యాసు మంట మీద మెత్తబరిచి, పైఅంచు వెంట ఆమె ఒంటి వంపుకు సరిపడేలా వంచారట. తెర మీద మనం చూసింది మెరిసే శాటిన్‌ని. పని చేసింది దాని కింద ఉన్న రిబ్బను, కమ్ములు, మంటకు వంగిన ప్లాస్టిక్. స్ట్రాప్‌లెస్ గౌను గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క గౌనులోనే ఉంది. ఆ విద్య గొప్పతనమంతా లోపలి వైపు దాగి ఉంటుంది. పైపైన చూసి నకలు తీసేవాళ్లకు అది చేతికి రాదు.

చాలామంది అనుకునేది ఏమిటంటే ఈ గౌను ఛాతీని పట్టుకుని నిలుస్తుందని. అందుకే పైఅంచును ఊపిరాడకుండా బిగిస్తారు. అంచు కింద ఒళ్లు పొంగుతుంది, చంక పక్కన మడత లేస్తుంది, అర గంటకు గౌను ఎలాగూ జారుతుంది. ప్యారిస్ ఆటెలియేలలో, అంటే పెద్ద కుట్టు వర్క్‌షాపుల్లో, పని నేర్చిన ఏ కుట్టుమనిషిని అడిగినా చూపుడువేలు నడుము మీదికే పోతుంది. నడుము దగ్గర ఒళ్లు సన్నబడి, కింద తుంటి దగ్గర విస్తరిస్తుంది. అక్కడ బిగించిన పట్టీ కిందికి జారడానికి దారి లేదు. ఆరు గజాల చీర కుచ్చిళ్లతో సహా లంగా బొందు ఆధారంగా ఎలా నిలుస్తుందో, ఈ గౌను బరువంతా అలాగే నడుము పట్టీ మీద నిలవాలి. పట్టీ నుంచి పైఅంచు దాకా నిలువు కమ్ములు లేస్తాయి. అంచు కూలిపోకుండా వాటి పని అవి చేస్తాయి. కింద ఆధారం, పైకి ఆసరా. ఇంతే సూత్రం. కానీ దీన్ని బట్టలో సాధించడానికి ఒక జీవితం చాలదన్నవాళ్లున్నారు, వాళ్ల గురించి ముందు ముందు చెబుతాను.

ఆ నడుము పట్టీ అంగుళం వెడల్పు గ్రోగ్రేన్ రిబ్బను. అడ్డంగా గీతలు గీతలుగా నేసిన గట్టి రిబ్బను అది, లాగినా సాగదు. గౌను లోపల నడుము గీత వెంట దాన్ని పరిచి, నిలువు కుట్ల దగ్గర మాత్రమే చేతికుట్టుతో పట్టిస్తారు. జిప్పు దగ్గర రెండు మూడు అంగుళాలు వదులుగా ఉంచుతారు. గౌను వేసుకున్నాక ముందు ఈ పట్టీ హుక్కులు పెట్టాలి, ఆ తర్వాతే జిప్పు. అప్పుడు బిగువంతా పట్టీ తీసుకుంటుంది, జిప్పు మీద ఏ భారమూ పడదు, వీపు మీద జిప్పు అల తిరగకుండా నిటారుగా ఉంటుంది. చిల్లర ఖర్చుతో అయ్యే పని ఇది. నేను విప్పి చూసిన ఖరీదైన గౌన్లలో కూడా కనిపించనిది ఇదే. నాకు ఎంతకీ మింగుడుపడదు.

ఇక కొలతలు. మన దగ్గర కొలతలంటే ఆది జాకెట్టు ఇచ్చి రావడం. పాత జాకెట్టు పెట్టి కొత్తది కత్తిరించే నేర్పు మన దర్జీలకు ఉంది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆది జాకెట్టు భుజం నుంచి మొదలవుతుంది. భుజమే లేని బట్టకు ఆ ఆది పనికిరాదు. ఇక్కడ ఛాతీ పైన ఒక చుట్టుకొలత, నిండుగా ఉన్నచోట ఒకటి, ఛాతీ కింద ఒకటి, నడుము ఒకటి తీసుకోవాలి. ఛాతీ పాయింటు నుంచి పాయింటుకు దూరం, పాయింటు నుంచి నడుముకు దూరం, చంక కింద నుంచి నడుముకు దూరం విడివిడిగా రాసుకోవాలి. నడుము ఎక్కడుందో కంటితో అంచనా వేయకూడదు. సన్నని ఎలాస్టిక్ ఒకటి నడుముకు కట్టి మనిషిని అటూ ఇటూ వంగమంటే అది తనంతట తానే అసలు నడుము దగ్గరికి చేరుతుంది. గౌను కింద ఏ లోదుస్తులు వేసుకోబోతున్నారో వాటితోనే కొలవాలి. ఈ చివరి మాట పాటించక పాడైన గౌన్లు లెక్కకు మించి ఉంటాయి.

కొలతల తర్వాత అసలు బట్ట ముట్టుకోకూడదు. కోరా గుడ్డతో ట్రయల్ కుట్టాలి. ప్యారిస్‌లో దీన్ని చేయకుండా ఏ గౌనూ మొదలుపెట్టరు. కోరా గుడ్డ మీద నిలువు పోగు గీత, అడ్డ పోగు గీత పెన్సిలుతో గీసి, తిప్పి తొడిగి, గుండుసూదులతో సరిచేస్తూ పోతారు. ఆ గీతలే అద్దం. అడ్డ గీత నేలకు సమంగా లేకపోతే ఎక్కడో పొడవు తేడా ఉంది. నిలువు గీత పక్కకు వాలితే ఆ వైపు బట్ట చాలలేదు.

ముడతలు చదవడం ఒక పెద్ద విద్య. ఛాతీ నుంచి పక్క కుట్టు వైపు ఏటవాలుగా గీతలు లాగుతుంటే ఛాతీకి చోటు చాలలేదని అర్థం, అక్కడ బట్ట కలపాలి. నడుము పైన అడ్డంగా మడతలు పేరుకుంటే బాడీస్ పొడవెక్కువైంది, లేదా తుంటి దగ్గర బిగువై బట్ట పైకి తన్నుకొస్తోంది. నిలువు మడతలైతే వెడల్పు ఎక్కువ. ఛాతీ పైన అంచు ఒంటికి అంటకుండా నోరు తెరిస్తే, అక్కడి కుట్లలో పావు అంగుళం చొప్పున లోపలికి తీసుకోవాలి. ఛాతీ నిండు దాటాక ఒళ్లు లోపలికి వాలుతుంది, బట్ట కూడా అలాగే వాలాలి. ఒకచోట సరిచేస్తే మరోచోట కొత్త ముడత పుడుతుంది. అందుకే మంచి కుట్టుమనిషి ఒకేసారి నాలుగు మార్పులు చేయదు. ఒకటి చేస్తుంది, దూరం జరిగి చూస్తుంది, మనిషిని కూర్చోమంటుంది, చేతులెత్తమంటుంది, గట్టిగా ఊపిరి పీల్చమంటుంది. అప్పుడు రెండోది.

ఈ ఓపికలో చార్లెస్ జేమ్స్‌ను మించినవాడు లేడు. 1906లో ఇంగ్లండులో పుట్టి, షికాగోలో టోపీలు చేస్తూ పని మొదలుపెట్టి, న్యూయార్క్‌లో స్థిరపడిన మనిషి. టోపీ పని చేతికి ఒక గుణం నేర్పుతుంది: బట్టను గుండ్రని వస్తువు మీద నిలబెట్టడం. ఆ చెయ్యితో ఆయన ఆడవాళ్ల దుస్తులకు వచ్చాడు. తన సొంత డమ్మీలు తనే తయారుచేయించుకున్నాడు. దుస్తుల చేతి భాగం ఒక్కటి కత్తిరింపు కుదరడానికి మూడేళ్లు పట్టించాడని చెబుతారు. 1948లో సెసిల్ బీటన్ తీసిన ఫోటో చూడండి. ఎనిమిది మంది అమ్మాయిలు జేమ్స్ గౌన్లలో ఒక హాల్లో నిలబడి ఉంటారు. భుజాల మీద వెలుతురు తప్ప ఏమీ లేనివాళ్ల గౌన్లు కూడా రాతిలో చెక్కినట్టు నిలిచి ఉంటాయి. ఆ శాటిన్ మీద ఒక్క అనవసరపు గీత వెతికి చూపించండి.

1953 నాటి ‘క్లోవర్ లీఫ్’ గౌను ఆయన శిఖరం. ఆస్టిన్ హర్స్ట్ అనే ఆవిడ అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పదవీ స్వీకార విందు కోసం చెప్పి చేయించుకుంది. అనుకున్న రోజుకు అందలేదు. జేమ్స్ గౌన్లు చాలాసార్లు అంతే, ఆయనకు నచ్చేదాకా గుమ్మం దాటవు. నాలుగు రేకుల ఆకులా పరుచుకునే ఆ లంగా భాగంతో కలిపి గౌను బరువు పది పౌండ్ల పైచిలుకు. పట్టీ లేని పైభాగం ఆ బరువును మోస్తోందని చూసేవాళ్లు అనుకుంటారు. బరువంతా నడుము దగ్గర, తుంటి మీద సర్ది ఉంటుంది. దాన్ని వేసుకుని నాట్యం చేయొచ్చు. పది పౌండ్ల బట్టను భుజం సాయం లేకుండా నాట్యం చేయించిన మనిషిని దర్జీ అనాలా, వాస్తుశిల్పి అనాలా? ప్యారిస్ రూపకర్తల్లో బాలెన్సియాగా అంతటివాడు ఈయన్ని ఆకాశానికెత్తాడనీ, తన ‘న్యూ లుక్’కు ప్రేరణ ఈయనేనని డియోర్ ఒప్పుకున్నాడనీ చెబుతారు. 2014లో న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియం ఆయన ఒక్కడి పేరున పెద్ద ప్రదర్శన పెట్టి, ఈ గౌన్ల లోపలి నిర్మాణాన్ని ఎక్స్-రేలతో, యానిమేషన్లతో విడమరిచి చూపించింది. బట్టలకు ఎక్స్-రే తీయాల్సినంత పని లోపల ఉందన్నమాట.

డియోర్ అభిమానులు నొచ్చుకోవద్దు. నా మొగ్గు జేమ్స్ వైపే అయినా, లోపలి కుట్టును మళ్లీ గౌరవంగా నిలబెట్టింది డియోరే. 1947 ఫిబ్రవరి 12న, ‘న్యూ లుక్’ అని పేరుపడిన ఆయన మొదటి కలెక్షన్ ప్యారిస్‌లో వచ్చింది. యుద్ధకాలంలో బట్టకు రేషన్ పెట్టి పొదుపుగా కుట్టిన లోకానికి గజాల కొద్దీ బట్ట చూపించాడు. అందరూ లంగా కుచ్చుల గురించే మాట్లాడుకున్నారు. నేనైతే దాని కింద ఉన్న దాన్ని మెచ్చుకుంటాను. తన బట్టలకు వెనక పర్కేల్ అనే నూలు బట్ట, టఫెటా జోడించి, వదిలేసిన పాత పద్ధతిని తిరిగి తెచ్చానని ఆయనే రాసుకున్నాడు. 1949 నాటి ‘జునాన్’ గౌను రేకులు రేకులుగా పరుచుకునే లంగాతో ప్రపంచమంతటికీ తెలుసు. ఆ రేకుల పైన పట్టీల్లేని చిన్న బాడీస్ ఎంత నిమ్మళంగా కూర్చుందో గమనించినవాళ్లు తక్కువ. ఆయన గౌన్ల లోపల సన్నని నూలు వల బట్టతో ప్రత్యేకంగా కుట్టిన కట్టు ఉంటుంది. తేలికగా ఉంటుంది, గాలాడుతుంది, పట్టు వదలదు.

ఆ లోపలి కట్టే మొత్తం రహస్యం. గౌను నిజానికి రెండు బట్టలు. లోపలిది ఒంటికి బిగువుగా, కొద్దిగా చిన్నగా, కమ్ములతో. బయటిది దాని మీద తేలికగా, పిసరంత వదులుతో. లాగుడూ బిగువూ అన్నీ లోపలిది భరిస్తుంది. బయటి శాటిన్ మీద ఏ లాగుడూ లేదు కాబట్టి దానికి ముడత పడే అవసరమే రాదు. రెండూ పైఅంచు దగ్గర, జిప్పు దగ్గర, నడుము దగ్గర కలుస్తాయి. లోపలి కట్టుకు గట్టి నూలు బట్ట కావాలి, ప్రతి పలకకూ నిలువు పోగు నిటారుగా రావాలి. నాలుగైదు పలకలైతే చాలదు, పది, పన్నెండు ఉంటే ఒంటి వంపు అంత మెత్తగా దిగుతుంది. ఛాతీ మీదుగా వచ్చే ప్రిన్సెస్ కట్ ఇక్కడ ప్రాణాధారం. మన జాకెట్లలో ఆ కట్ కుట్టే దర్జీలు ఊరూరా ఉన్నారు, వాళ్లకు ఇది కొత్త భాష కాదు.

కమ్ముల సంగతి క్లుప్తంగా చెబుతాను. వెనకటి రోజుల్లో తిమింగలం నోటి పలకల నుంచి చీల్చి వాడేవారు. తర్వాత స్ప్రింగులా చుట్టి చదును చేసిన ఉక్కు కమ్ములు వచ్చాయి, ఇవి ముందుకూ పక్కకూ రెండు వైపులా వంగుతాయి కాబట్టి ఛాతీ వంపు మీద వీటిని మించినవి లేవు. చదును ఉక్కు ఒక వైపే వంగుతుంది, వీపున జిప్పు పక్కన దానికి చోటు. నాసి ప్లాస్టిక్ పట్టీలు ఒంటి వేడికి వంకర తిరిగి అలాగే ఉండిపోతాయి. ఏ కమ్మి అయినా కుట్టు గీతకు పై నుంచి, కింది నుంచి పావు అంగుళమైనా పొట్టిగా ఉండాలి. చివర్లకు టోపీ ఉండాలి. లేకపోతే గంటలో బట్టను పొడుచుకుని ఒంట్లోకి వస్తుంది.

సాఫీగా రావడం అన్న మాట దగ్గరికి వద్దాం, ఎందుకంటే కుట్టు సరిగ్గా ఉన్నా శాటిన్ మీద లోపలి గీతలన్నీ ఉబ్బి కనిపిస్తే అంతా వృథా. శాటిన్ దేన్నీ దాచదు. కమ్మి అంచు, మార్జిను మందం, ఇస్త్రీ పెట్టె ముద్ర అన్నీ బయటపెడుతుంది. అందుకని బయటి బట్టలో ప్రతి పలక వెనకా పట్టు ఆర్గంజా జోడిస్తారు. ఆర్గంజా గాలిలా తేలిక, అయినా సాగదు. రెంటినీ కలిపి చేత్తో కచ్చా కుట్టు వేసేటప్పుడు బల్ల మీద చదునుగా పరచరు. ఒంటి వంపు ఎటుంటే అటు అరచేతి మీద వంచి పట్టుకుని కుడతారు. వంపులో లోపలి బట్టకు తక్కువ చోటు చాలు కాబట్టి అది అంచు దగ్గర ఒక నూలుపోగు మందం బయటికి వస్తుంది, దాన్ని కత్తిరించేస్తారు. ఇలా చేయని బాడీస్‌లో లోపలి బట్ట ఎక్కువై బుడగలు లేస్తుంది. ఆ ఒక్క నూలుపోగు మందం దగ్గర గొప్ప పనివాళ్లూ మామూలు పనివాళ్లూ వేరుపడతారు.

ఆర్గంజా ఇంకో మేలు చేస్తుంది. మార్జిన్లను హెరింగ్‌బోన్ కుట్టుతో దానికే పట్టించవచ్చు, సూది బయటి శాటిన్‌ను తాకనవసరం లేదు. బట్ట పైముఖం మీద ఒక్క కుట్టు చుక్క కనిపించదు. కమ్ముల గీతలు కనిపించకుండా కట్టుకూ శాటిన్‌కూ మధ్య పల్చని నూలు ఫ్లానెల్ పొర ఒకటి వేస్తారు. ఛాతీ దగ్గర వంపు కుట్లకు మార్జిన్లో గాట్లు పెట్టి, రంపపు పొట్టు గట్టిగా కూరిన గుండ్రటి మెత్త మీద పెట్టి, ఆవిరితో, పైన పలుచని గుడ్డ వేసి ఇస్త్రీ చేస్తారు. చదును బల్ల మీద ఇస్త్రీ చేస్తే అంత కష్టపడి తెచ్చిన వంపు చదునైపోతుంది. పైఅంచు వెంట సాగని సన్నని టేపు, అంచు కంటే కొంచెం పొట్టిగా తీసుకుని, బట్టను దానికి సర్ది కుడతారు. అంచు ఒంటికి అంటుకుంటుంది, నొక్కదు. హృదయాకారపు మెడ అయితే ఆ అంచు క్రాసులో పడుతుంది, ఊరికే సాగుతుంది. అందుకే బట్ట కత్తిరించిన వెంటనే, మరో పని ముట్టకముందే ఆ టేపు పడాలి.

ఇంత పనీ చేసిన చేతుల పేర్లు చరిత్రలో ఉన్నాయా? కొన్నే ఉన్నాయి. ఆన్ లో పేరు మనవాళ్లలో ఎందరికి తెలుసు? అలబామాలో పుట్టిన నల్లజాతి స్త్రీ. ఆమె అమ్మమ్మ బానిసత్వంలో ఉంటూ దొరసానులకు బట్టలు కుట్టినది. అమెరికా ధనిక కుటుంబాల అమ్మాయిలు మొదటిసారి విందులకు వెళ్లే గౌన్లు ఆన్ లో చేతి మీదుగా వచ్చేవి, బాడీస్ లోపలే పూర్తి కట్టుతో. 1953లో జాక్వెలిన్ బూవియే జాన్ కెనెడీని పెళ్లాడినప్పటి గౌను ఆమెదే. పెళ్లికి పది రోజులుందనగా వర్క్‌షాపులో నీళ్ల పైపు పగిలి పెళ్లికూతురి గౌనూ, తోడిపెళ్లికూతుళ్ల గౌన్లలో ఎక్కువ భాగమూ పాడయ్యాయి. వాటిని మళ్లీ కుట్టి సమయానికి చేర్చింది. నష్టం తను భరించింది, ఆ కుటుంబానికి చెప్పనైనా లేదు. పత్రికలన్నీ గౌనును వర్ణించాయి, కుట్టినామె పేరు దాదాపు ఎవరూ రాయలేదు. 1947లో ఒలీవియా డి హావిలాండ్ ఆస్కార్ అందుకున్నప్పుడు వేసుకున్న గౌను కూడా ఆన్ లో కుట్టిందే, దాని మీది లేబుల్ వేరొకరిది. ఈ అన్యాయం తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

నకలు కథ ఆ రోజుల్లోనూ ఉంది. 1951లో వచ్చిన ‘ఎ ప్లేస్ ఇన్ ది సన్’ సినిమాలో ఎలిజబెత్ టేలర్‌కు ఈడిత్ హెడ్ తెల్లని వల బట్టతో, ఛాతీ నిండా పూలతో ఒక గౌను చేసింది. ఆ పనికి ఆస్కార్ వచ్చింది. అమెరికా దుకాణాలు దాన్ని నకలు చేసి అమ్మాయిలకు అమ్ముకున్నాయి. పూలు నకలు చేశారు, వల బట్ట నకలు చేశారు. లోపలి కట్టు నకలు చేయడానికి పది గంటలు కాదు, పది రోజులు కావాలి. దుకాణానికి అంత తీరిక ఏది?

ఇప్పుడు పరిస్థితి మరీ ఘోరం. వీపు భాగం మొత్తం ఎలాస్టిక్ కుచ్చు. పైఅంచు లోపల జిగురు లాంటి సిలికాన్ పట్టీ. బట్ట వెనక పేస్టింగ్ అంటించి ఇస్త్రీతో అతికించేస్తారు, రెండు సార్లు ఉతికితే బుడగలు. రెండు స్పాంజి కప్పులు పెట్టి, అదే నిర్మాణం అంటారు. ఒళ్లు మారితే సాగుతుంది కదా అని ఎలాస్టిక్‌ను వెనకేసుకొచ్చేవాళ్లున్నారు. సాగేది జారుతుంది కూడా. పెళ్లిళ్లలో, పార్టీలలో గమనించండి, స్ట్రాప్‌లెస్ గౌను వేసుకున్న అమ్మాయి చేతులు ఎక్కడున్నాయో. ప్రతి రెండు నిమిషాలకూ రెండు చేతులతో అంచు పట్టుకుని పైకి లాక్కుంటూ ఉంటుంది. ఆ లాక్కోవడం ఆ అమ్మాయి తప్పుగా, ఆమె ఒంటి తప్పుగా అందరూ చూస్తారు. తప్పు కుట్టిన పద్ధతిది. మంచి గౌను వేసుకున్న మనిషి ఆ సాయంత్రమంతా గౌను సంగతే మరిచిపోవాలి.

మన దగ్గర రిసెప్షన్లకు, ఎంగేజ్‌మెంట్లకు ఇప్పుడు గౌన్లు మామూలైపోయాయి. అమెరికాలో మన పిల్లలు హైస్కూలు చివర ప్రామ్ విందుకు వేసుకునేవీ చాలావరకు ఇవే. హైదరాబాదులో ఒక బొటీక్ మా బంధువుల అమ్మాయికి రిసెప్షన్ గౌను కుట్టింది. పైభాగం నిండా మగ్గం వర్క్. పూసలు, కుందన్లు, జర్దోసీ కలిసి బాడీస్ బరువెక్కింది. లోపల నడుము పట్టీ లేదు, కట్టు లేదు, పైఅంచుకు సిలికాన్ పట్టీ ఉంది. మే నెల ఉక్కలో చెమటకు సిలికాన్ ఎంతసేపు పట్టుకుంటుంది? ఫోటోలు మొదలైన కాసేపటికే పిన్నులు మొదలయ్యాయి. చివరికి చున్నీ కప్పి కూర్చోబెట్టారు. అందులో మగ్గం పనివాళ్ల తప్పు రవ్వంత లేదు. వాళ్ల పని చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది. ఆ పనికి తగ్గ ఆసరా లోపల కట్టనివాళ్లది తప్పు. బరువు పెరిగేకొద్దీ లోపలి కట్టు గట్టిపడాలి. వర్క్ చేయించే ముందే కోరా గుడ్డ ట్రయల్ పూర్తి కావాలి, కుట్టు గీతల దగ్గర మార్జిన్ మేర పూసలు లేకుండా వదలాలి. లేకపోతే కుట్టు పూసల మీద ఎగిరి ఎగిరి పడుతుంది, పలకలు కలిసే చోట గుట్టలు లేస్తాయి.

ఈ విద్య మనది కాదు, మనకెందుకు అనే మాట నేను ఒప్పుకోను. పుట్టింది అక్కడే, నిజమే. కానీ మనకు జాకెట్టు కుట్టడంలో ఉన్న నైపుణ్యం తక్కువదా? కటోరి జాకెట్టును ఛాతీ మీద గీత లేకుండా కూర్చోబెట్టే దర్జీ, అద్దె గదిలో, ఒక్క మిషన్ మీద, పావు అంగుళం తేడా కంటితో పట్టేస్తాడు. అలాంటి దర్జీలకు తెలియనిది నడుము పట్టీ, ఆర్గంజా జోడింపు, ఉక్కు కమ్ములు. నేర్పితే వారంలో పట్టుకుంటారు. నేర్పే చోట్లు కావాలి. ఫ్యాషన్ కాలేజీలు పిల్లలకు బొమ్మలు గీయించడం మీద పెట్టే శ్రద్ధలో సగమైనా సూది మీద పెట్టాలి. బాలెన్సియాగా గీయగలడు, కత్తిరించగలడు, కూర్చగలడు, చేత్తో కుట్టగలడు కూడా. అందుకే ఆయన గౌన్లు ఒంటికి దూరంగా నిలిచి కూడా జారేవి కావు. కుట్టడం రాని డిజైనరు ముడత ఎందుకు పడిందో చెప్పలేడు. కుట్టేవాణ్ణి తిడతాడు.

మళ్లీ చార్లెస్ జేమ్స్ దగ్గరికి వస్తే, ఆయన చివరి రోజులు న్యూయార్క్ చెల్సీ హోటల్ గదిలో గడిచాయి. 1958లోనే వ్యాపారం మూతపడింది. 1978లో పోయాడు. అప్పులు, తగాదాలు, అందని గౌన్లు. ఆయన మొండితనాన్ని నేను సమర్థించను. అయినా ఆ మొండితనమే ఈ రోజు మ్యూజియం అద్దాల వెనక నిలబడి ఉంది. తన గౌన్లను మ్యూజియంలకు ఇవ్వమని బతికుండగానే కొనుక్కున్నవాళ్ల వెంటపడ్డాడు, అందుకే మనకు అవి మిగిలాయి. రెండు గంటల ఫోటోల కోసం కుట్టి పారేసే ఇప్పటి గౌన్లలో ఎన్ని యాభై ఏళ్లు నిలుస్తాయి?

కాబట్టి గౌను కుట్టించుకోబోయే అమ్మాయిలకూ, డబ్బు పెట్టే తల్లిదండ్రులకూ నా మనవి ఇది. షాపులో ముందు గౌనును లోపలి వైపు తిప్పి చూపించమనండి. నడుము పట్టీ ఉందా, కమ్ముల చివరలు మూసి ఉన్నాయా, మార్జిన్లు చేత్తో పట్టించారా చూడండి. తొడిగి చేతులెత్తండి, కూర్చోండి, నాలుగడుగులు గట్టిగా వేయండి. కుట్టించుకునేట్టయితే పెళ్లికి పది రోజుల ముందు వెళ్లి నిలబడకండి, రెండు నెలల ముందు వెళ్లండి. కోరా గుడ్డ ట్రయల్ కావాలని మీరే అడగండి. ఆ ట్రయల్‌కు, లోపలి కట్టుకు దర్జీ అడిగిన కూలి విడిగా ఇవ్వండి, దాని మీద బేరమాడకండి.